డిజైన్ చదువులో ప్రెస్సు పని తప్పనిసరి కావాలా?

చర్చ మొదలుపెట్టినవారు: అప్లైడ్ ఆర్ట్ విద్యార్థిని, నల్లగొండ

నేను హైదరాబాద్‌లో అప్లైడ్ ఆర్ట్ చదువుతున్నాను. సెలవుల్లో నల్లగొండలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పని నేర్చుకుంటున్నాను. గ్రాఫిక్ డిజైన్ చదివేవారికి ముద్రణ, కాగితం, బైండింగు పనులను తప్పనిసరి పాఠంగా పెట్టాలా, లేక ఇష్టమున్నవారు నేర్చుకుంటే సరిపోతుందా అన్న వాదం మా తరగతిలో తెగకుండా సాగుతోంది. పనంతా ఫోను తెరమీదికి వెళ్లిపోయాక ప్లేట్లు, ఇంకులు మనకెందుకని చాలామంది అంటున్నారు. తప్పనిసరి చేయాలన్నదే నా పక్షం. కారణాలు కింద రాస్తున్నాను. ఒప్పుకోనివారు ఏ మాట దగ్గర ఒప్పుకోరో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నలుపు రంగుతో మొదలుపెడతాను. ఆర్‌జీబీలో, అంటే తెరమీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల పద్ధతిలో చేసిన నల్లని అక్షరాన్ని ఫొటోషాప్ తన మామూలు అమెరికన్ సెట్టింగుతో సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతిలోకి మారిస్తే, అది సయాన్ (లేత నీలం) 75, మెజెంటా (గులాబీ ఎరుపు) 68, పసుపు 67, నలుపు 90 శాతంగా విడిపోతుంది. ఒక్కొక్క ఇంకుకు ఒక్కొక్క అచ్చు రేకు, అంటే ప్లేటు ఉంటుంది కనుక, ఒక్క ప్లేటుమీద ఉండవలసిన అక్షరం నాలుగు ప్లేట్లమీదికి చేరుతుంది. ఫొటోలో చీకటి భాగానికి అది మంచిదే, కానీ ఎనిమిది పాయింట్ల తెలుగు అక్షరానికి మాత్రం చేటు. ప్రెస్సులో భూతద్దం కింద 'రాష్ట్ర' అన్న పదాన్ని చూపించారు. నాలుగు రంగుల రిజిస్ట్రేషన్ (ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి తప్పడంతో 'ష' కు ఒకవైపు ఎర్రని అంచు, మరోవైపు నీలపు అంచు కనిపించాయి. దాని కిందనున్న 'ట' వత్తు కడుపు ఇంకుతో పూడిపోయింది. 'ర' వత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియలేదు. అదే పదాన్ని నలుపు వంద శాతంతో, మిగిలిన మూడు రంగులు సున్నాగా పెట్టి వేసినప్పుడు శుభ్రంగా వచ్చింది. ఇంగ్లిషు అక్షరాలకు కింద వత్తులు లేవు కనుక ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లో ఈ సమస్యను ఒక వాక్యంతో దాటేస్తారు. మనకు అలా దాటేసే వీలు లేదు.

రెండోది ఫాంట్ల సంగతి. మన జిల్లాల్లో డీటీపీ పని ఇప్పటికీ చాలావరకు యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో నడుస్తోంది. కాలేజీలో మాకు నేర్పేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా ఒకే అక్షరంగా గుర్తించే పద్ధతి. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లతో ఇన్‌డిజైన్ అన్న పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పేజీని ప్రెస్సుకు పంపితే, అక్కడ ఆ ఫాంటో, భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అన్న అమరికో లేని చోట వత్తులన్నీ విడిపోయి అక్షరాల పక్కన నిలబడతాయి. అందుకని ఆపరేటర్లు ముందే 'కర్వ్స్ చేసి పంపండి' అంటారు. కర్వ్స్ చేశాక అక్షరం బొమ్మగా మారిపోతుంది కనుక పెండ్లి పత్రికలో వరుడి ఇంటిపేరు తప్పుపడినా దిద్దడానికి వీలుండదు. ప్రూఫు ఎప్పుడు దిద్దించాలి, ఎవరి సంతకం తీసుకోవాలి, ఆ తర్వాతే కర్వ్స్ ఎందుకు చేయాలి అన్న వరస ఏ సాఫ్ట్‌వేర్ పాఠంలోనూ లేదు.

కాగితం గురించి ఒక్క మాట చెబుతాను. ప్రతి కాగితంలోనూ నారలు ఒక దిక్కుకు సాగి ఉంటాయి. మందపాటి ఆర్ట్ కార్డును (నున్నని పూత ఉన్న అట్టను) ఆ దిక్కుకు అడ్డంగా మడిస్తే, క్రీజింగు చేసినా, అంటే మడత గీతను ముందే నొక్కినా మడత మీద ఇంకు పగిలి తెల్లని గీత కనిపిస్తుంది. నిండు రంగుతో కార్డు గీసినవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది, ఎందుకంటే మడత ఎటువైపు రావాలో నిర్ణయించేది డిజైనరే.

విద్యార్థులంతా మిషన్ నడపాలని నేను అనడం లేదు. తాను చేసిన ఒక ఫైలు వెంట ప్లేటు దగ్గరి నుంచి కటింగు మిషన్ దాకా ఒకసారైనా నడవాలని, దానికి మార్కులు ఉండాలని మాత్రమే అంటున్నాను.

జవాబు: సోషల్ మీడియా డిజైనర్, మహబూబ్‌నగర్

చెల్లీ, మీరు రాసినదాంట్లో సాంకేతికంగా తప్పేమీ లేదు. అయినా తప్పనిసరి అన్న మాటను నేను ఒప్పుకోను. పాలమూరు పట్టణంలో నాకు వచ్చే పని చెబుతాను: నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టులు, ప్రైవేటు స్కూళ్ల అడ్మిషన్ల ప్రకటనలు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, వాట్సాప్‌లో పంపే వీడియో పెండ్లి పత్రికలు. అచ్చుకు వెళ్లేది ఫ్లెక్సీ ఒక్కటే. దానికి చదరపు అడుగుల లెక్క, సరిపడా రిజల్యూషన్ తెలిస్తే చాలు. అందులోనూ వంద మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అమలు ఎలా ఉందో వీధిలో చూస్తే తెలుస్తుంది గానీ, ఆ దారి మాత్రం విశాలమయ్యేది కాదు.

ఒక విద్యార్థి చేతిలో ఉన్నది కొంత కాలం, కొంత డబ్బు. నారాయణపేట వైపునుంచో అచ్చంపేట వైపునుంచో వచ్చి హాస్టల్ ఫీజు కట్టుకుని చదివే పిల్లవాడికి మోషన్ గ్రాఫిక్స్ (కదిలే బొమ్మల డిజైన్) వస్తే చదువు పూర్తికాకముందే పని దొరుకుతుంది. ప్రెస్సులో కావలసిన కొలతలు, బ్లీడు (కత్తిరించే గీత దాటి అదనంగా వదిలే రంగు), రంగుల పద్ధతి ప్రెస్సువారే ఒక కాగితంమీద రాసి ఇస్తే ఎవరైనా పాటించవచ్చు. అంతటిదానికి ఒక సెమిస్టరు ఇవ్వమనడం న్యాయం కాదు. పైగా 'నేర్చుకుంటున్నారు' అన్న పేరుతో విద్యార్థుల చేత ఉచితంగా కాగితాలు మోయించిన చోట్లు నేను చూశాను.

జవాబు: ప్రెస్సు యజమాని, నల్లగొండ

మహబూబ్‌నగర్ తమ్ముడు చెప్పిన కొలతల కాగితం మా గోడకు అంటించే ఉంది. మూడు మిల్లీమీటర్ల బ్లీడు, మూడువందల డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), సీఎంవైకే అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం వాట్సాప్‌లో కుదించుకుపోయిన జేపెగ్‌లే. చదవడం రాక కాదు. బ్లీడు లేకపోతే కత్తి కింద ఏమవుతుందో కళ్లతో చూడనివారికి ఆ అంకె మీద పట్టింపు ఉండదు. రీముల కొద్దీ పేర్చిన కాగితాన్ని కటింగు మిషన్‌లో పెట్టినప్పుడు కత్తి కిందికి దిగుతూ ఉంటే పై కాగితానికీ అడుగు కాగితానికీ నడుమ కొంచెం తేడా వస్తుంది. ఆ తేడాను మింగడానికే బ్లీడు.

ఇంకొక సంగతి విద్యార్థులకు ఎవరూ చెప్పరు. ఎన్నికల కరపత్రం, పోస్టరు వేస్తే దానిమీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, వారి చిరునామాలు తప్పకుండా ఉండాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127-ఎ సెక్షన్ చెబుతోంది. ప్రచురణకర్త సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం ముందే తీసుకుని, అచ్చయిన ప్రతితోపాటు ఎన్నికల అధికారులకు పంపవలసిన బాధ్యత మాది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నాయకుడి ముఖం అంచుదాకా నింపి, ఆ ఒక్క లైనుకు చోటు వదలని డిజైన్ ఎన్నికల కాలంలో మాకు రోజూ వస్తుంది. అర్ధరాత్రి మా ఆపరేటరు దాన్ని ఎక్కడో ఇరికిస్తాడు. ఆ తర్వాత డిజైనర్ వచ్చి తన లేఅవుట్ పాడుచేశారని కోపగించుకుంటాడు.

ఒక గర్వం కూడా ఉంది, దాచుకోను. 1913లో 'హితబోధిని' మహబూబ్‌నగర్ నుంచి, 1922లో 'నీలగిరి' పత్రిక నల్లగొండ నుంచి వెలువడ్డాయి. నిజాం పాలనలో తెలుగు అచ్చుకు ఆదరణ లేని రోజుల్లో ఈ రెండు ఊళ్లూ ఆ పని చేశాయి. అటువంటి చోట పుట్టిన పిల్లలకు అచ్చు పని తెలియదనడం నాకు మింగుడుపడదు.

చర్చ మొదలుపెట్టినవారు

సార్, ఆ గర్వం నాకూ ఉంది. కానీ గతాన్ని చూపించి సిలబస్‌లో పాఠం పెట్టమని నేను అడగను. ఆ లెక్కన కాలితో తొక్కే పాత ట్రెడిల్ మిషన్‌మీద సీసపు అక్షరాలు కూర్చడం కూడా నేర్పాలి. అది మ్యూజియంలో చూసి సంతోషించవలసిన పని. నేర్చుకున్నది రేపటి పనిలో అక్కరకు వస్తుందా అన్నదొక్కటే ఇక్కడ చూడాలి.

అన్నా, మీరు చెప్పిన కొలతల కాగితం ఫైలు ఎలా ఉండాలో చెబుతుంది, నేను ఏ అక్షరాన్ని ఎంచుకోవాలో చెప్పదు. పలుచని గీతల ఫాంటును నిండు ముదురు రంగుమీద తెల్లగా వదిలితే పూతలేని మాప్‌లితో కాగితం మీద ఇంకు పక్కలకు పాకి వత్తులు మూసుకుపోతాయి. అదే ఫాంటు నున్నని పూత ఉన్న ఆర్ట్ పేపరు మీద నిలబడుతుంది. ఏ కాగితమో తెలియకుండా ఫాంటును ఎంచుకున్నవారు ఫైలును ఎంత సక్రమంగా పంపినా ఫలితం బాగుండదు. ఉచిత చాకిరీ గురించి మీరు అన్నమాటకు మాత్రం నా దగ్గర ఎదురు జవాబు లేదు.

జవాబు: ప్యాకేజింగ్ డిజైనర్, మిర్యాలగూడ

మీరందరూ కరపత్రాలు, పెండ్లి పత్రికల గురించే మాట్లాడుతున్నారు. అచ్చు తగ్గిపోతోందన్న మాట ఆ రెండింటి విషయంలో నిజం కావచ్చు. మిర్యాలగూడకు వచ్చి ఏ రైసు మిల్లు ముందైనా నిలబడండి. ప్రతి సంచిమీదా అచ్చే. వాట్సాప్‌లో బియ్యం పంపలేరు కనుక ఈ పని ఎక్కడికీ పోదు.

నేను చేసేది అదే పని. నేసిన పాలీప్రొపిలీన్ సంచిమీద ఫ్లెక్సో పద్ధతిలో, అంటే మెత్తని ఉబ్బెత్తు ప్లేటుతో అచ్చు వేస్తారు. ఉపరితలం పట్టీల అల్లికగా ఉంటుంది కనుక సన్నని గీతలు ఆ పట్టీల సందుల్లో తెగిపోతాయి, రంగునుంచి రంగులోకి జారే గ్రేడియంట్లు నిలవవు. రెండు మూడు నిండు రంగులు, లావు గీతలు, గట్టి అక్షరాలు కావాలి. రబ్బరులాంటి ఫొటోపాలిమర్ ప్లేటును గుండ్రని సిలిండరుకు చుట్టినప్పుడు బొమ్మ చుట్టుకొలత దిక్కుకు సాగుతుంది; అందువల్ల ప్లేటు చేసేటప్పుడే బొమ్మను ఆ దిక్కున ఆ మేరకు కుదించాలి. లేకపోతే గుండ్రని ముద్ర కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. ఫొటోలాంటి బొమ్మ కావాలంటే బీఓపీపీ అన్న పలుచని ప్లాస్టిక్ ఫిల్ముమీద గ్రావ్యూర్ పద్ధతిలో వేసి సంచికి అతికించాలి. అక్కడ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సిలిండరు చెక్కాలి కనుక ఒక రంగు తగ్గించగలిగిన డిజైనర్ మిల్లు యజమానికి నేరుగా డబ్బు మిగిల్చినట్టే.

బార్‌కోడు సంగతి కూడా చెబుతాను. సంచి ఎర్రగా ఉంది కదా అని బార్‌కోడు గీతలను కూడా ఎర్రగా పెట్టి పంపేవారు ఉన్నారు. స్కానరు ఎర్రని కాంతితోనే చదువుతుంది కనుక దానికి ఆ గీతలు తెల్లగా కనిపించి ఏమీ చదవదు. అంతేకాక ఫ్లెక్సోలో గీతలు అచ్చు నడిచే దిక్కుకు సమాంతరంగా ఉండాలి; అడ్డంగా పెడితే ఒక్కొక్క గీత లావెక్కి పక్కదానితో కలిసిపోతుంది. ఇక 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు నికర బరువు అంకెలకు కనీస ఎత్తును నిర్ణయించాయి. తప్పనిసరి వివరాలు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. ఇవన్నీ పోగా మిగిలిన చోటే బొమ్మకు. నేను వీటిని ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. కాలేజీలో ఒక్కసారి ప్లేటును చేత్తో పట్టుకుని ఉంటే ఆ మాటలు అర్థం కావడానికి అంత సమయం పట్టేది కాదు.

జవాబు: సోషల్ మీడియా డిజైనర్, మహబూబ్‌నగర్

సంచుల మాట నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. గద్వాల, నారాయణపేట చీరల దుకాణాల పెట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటి డిజైన్లు చాలావరకు హైదరాబాద్ నుంచే చేయించుకుంటున్నారు. కాబట్టి పాఠం ఉండాలంటే అది ప్యాకేజింగ్ పాఠమై ఉండాలి, కరపత్రపు పాఠం కాకూడదు. తప్పనిసరి చేసేపక్షంలో విద్యార్థి జేబునుంచి పైసా పోకూడదన్న నా షరతు మాత్రం మారదు.

చర్చ మొదలుపెట్టినవారు

ఆ షరతును నేను కూడా నా ప్రశ్నలో చేర్చుకుంటున్నాను. అప్రెంటిస్‌గా నమోదైనవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ అన్న పేరు పెట్టగానే ఆ రక్షణ జారిపోతుంది. కాబట్టి కాలేజీ పంపితే కాలేజీయే ప్రెస్సుతో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి: విద్యార్థి ఏ ఏ దశలు చూస్తుంది, దారిఖర్చులు ఎవరివి, ఆమె చేసిన పని అమ్ముడైతే దానికి ఎంత ఇస్తారు అన్నవి అందులో ఉండాలి.

ప్యాకేజింగ్ ముందు రావాలన్న మాటకు మాత్రం పూర్తిగా సరే అనలేను. ఫ్లెక్సో యూనిట్లు, గ్రావ్యూర్ సిలిండర్లు ప్రతి పట్టణంలోనూ ఉండవు. ఆఫ్‌సెట్ ప్రెస్సు నల్లగొండలో ఉంది, సూర్యాపేటలో ఉంది, మహబూబ్‌నగర్‌లో ఉంది. ప్లేటు, రిజిస్ట్రేషన్, కత్తి అన్న మూడింటినీ అక్కడ చూసినవారికి సంచి ప్లేటు ఎందుకు కుదించాలో ఒక్క పూటలో అర్థమవుతుంది. మిర్యాలగూడ అన్న గారు ఏదైనా మిల్లుకు సంచులు వేసే యూనిట్‌కు మా తరగతిని తీసుకువెళ్లడానికి అనుమతి దొరుకుతుందేమో కనుక్కోగలరా? ప్రెస్సు సార్, గోడమీది ఆ కొలతల కాగితంలో ఎన్నికల లైనుకు ఎంత చోటు వదలాలో కూడా రాసి పెడితే, దాన్ని తెలుగు యూనికోడ్‌లో కూర్చి మా కాలేజీ ల్యాబ్‌లో అంటించే పని నేను చేస్తాను.