డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు గుండె ఆపరేషన్ అనవసరమన్న వైద్యుడిపై ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మా అక్క కూతురికి డౌన్ సిండ్రోమ్‌తో (ఎదుగుదలపై ప్రభావం చూపే జన్యుపరమైన స్థితి) పాటు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉంది; ఆపరేషన్‌తో సరిచేయవచ్చని చెప్పిన వైద్యుడే, "ఇలాంటి పిల్లకు అంత ఖర్చు దేనికి, మరో బిడ్డను కనండి" అని సలహా ఇచ్చారు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపాలుంటాయని, సకాలంలో శస్త్రచికిత్స జరిగితే అనేకులు పెద్దవారవుతారని తెలిసిన మనిషి అలా అనడమంటే ఆ ప్రాణానికి వెల కట్టడమేనని నా అభిప్రాయం. (మరో ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు కనుక చికిత్స గురించి అడగడం లేదు.) 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 3వ సెక్షన్ వివక్షను నిషేధిస్తోంది. అయితే నోటిమాట తప్ప కాగితంపై ఏమీ లేని ఈ సందర్భంలో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించడం మేలా, లేక వైద్యుల నడవడిని పర్యవేక్షించే మెడికల్ కౌన్సిల్‌నా? ఇటువంటి ఫిర్యాదు చేసినవారు ఏ ఆధారాలు సమర్పించారో దయచేసి తెలియజేయగలరు.