వలస, జాతి, జెండర్ కలిపిన పీజీ: మొదటి పీజీగా చేయొచ్చా?

సర్వేరాయుడు
డిగ్రీ అయినవాళ్లు పదేపదే అడుగుతున్నారు కాబట్టి సూటిగా చెప్తా. వలస, జాతి సంబంధాలు, జెండర్ చుట్టూ అల్లిన పీజీలు యూరప్‌లో ఉన్నాయి: స్వీడన్‌లో మాల్మో, లింషోపింగ్ యూనివర్సిటీల కోర్సులు, ఇంకా పలు యూనివర్సిటీలు కలిసి నడిపే ఎమిర్ (వలస మీద), జెమ్మా (జెండర్ మీద). ఎమిర్, జెమ్మా అయితే రెండేళ్లు, 120 క్రెడిట్లు. మంచివే, కానీ మొదటి పీజీగా వద్దు. సోషియాలజీయో, డెమోగ్రఫీయో (జనాభా శాస్త్రం) ఒకటి గట్టిగా పట్టుకున్నాక వెళ్లండి. లేదంటే మూడు శాఖల పదజాలం నోటికొస్తుంది, థీసిస్ నాటికి శాంపిల్ తీయడం మాత్రం రాదు.

గోదారిగట్టు
రాయుడు గారూ, ఒకే శాఖ వాళ్ల లెక్క ఎలా ఉందో చూడండి. 2007-08 ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) 64వ రౌండులో వలస వచ్చిన గ్రామీణ స్త్రీలలో నూటికి 91 మంది చెప్పిన కారణం పెళ్లి. పట్టికలో ఒక మనిషికి ఒకటే కారణం. పెళ్లై పొరుగు మండలం వెళ్లి, వారం తిరక్కుండా మిర్చి కోతకి కూలికెళ్లినామె కూడా 'పెళ్లి' గడిలోనే పడుతుంది. కారణం అడగడం మానేసి ఇవి అడగాలి: వచ్చేముందు ఏం పని, వచ్చాక మొదటి కూలి ఎన్నాళ్లకు, ఇక్కడ పని దొరుకుతుందని సంబంధం చూసేటప్పుడే అనుకున్నారా. ఆ మూడోది తట్టాలంటే జెండర్ చదివుండాలి.

సర్వేరాయుడు
ప్రశ్న మంచిదే. కానీ పదేళ్ల తర్వాత అడిగితే వచ్చేది అప్పటి మాట కాదు, ఇప్పటి సమర్థింపు. వచ్చి రెండేళ్లు దాటనివాళ్లకే పరిమితం చేయాలి. ఇది నేర్పేది సర్వే క్లాసు.

కడపగడప
గల్ఫ్ సంగతి తీసుకుందాం. ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్ లాంటి చోట్ల పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, కావలసినది) ఉన్న 30 ఏళ్లలోపు స్త్రీకి (నర్సులు మినహా) ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వరు. దాంతో కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇంటిపనికి వెళ్లేవాళ్లలో కొందరు విజిట్ వీసా దారి పడతారు. ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో ఉండేది క్లియరెన్స్ తీసుకున్నవాళ్ల లెక్కే. అది చూసి 'స్త్రీల వలస తక్కువ' అని రాసేస్తే తప్పు అంకెది కాదు, చదివినవాడిది. ఆ అంకె తక్కువవడంలో రూలు చేయి కూడా ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం, కఫాలా (గల్ఫ్‌లో పనివాళ్ల వీసాని యజమానికి కట్టేసే పద్ధతి), ఇంటిపని కూలి మూడూ ఒకే టేబుల్ మీద పెట్టి చదివించేది ఈ కోర్సులే.

కాకపోతే ఫీల్డులో జరిగే పొరపాటొకటి. ఒక ఏజెంటు ఇచ్చిన నంబర్లతో మొదలుపెడితే ఇరవై ఇంటర్వ్యూలూ అతని కస్టమర్లవే అవుతాయి. చర్చి, డబ్బు పంపే కౌంటరు, తిరిగొచ్చినవాళ్ల సంఘం, ఊళ్లో ఆశా కార్యకర్త, ఇలా నాలుగు వైపుల నుంచి మొదలుపెట్టి ఒక్కో వైపు ఐదుగురికి మించకుండా ఆపాలి. ఇంట్లో అత్తగారు కూర్చుని ఉండగా జీతం, అప్పు, వేధింపు అడగొద్దు. అవి రెండోసారి, వేరే చోట. పాస్‌పోర్టు ఫోటోలు ఫోన్‌లో అస్సలు దాచొద్దు.

ఉత్తరధ్రువం
స్వీడన్ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడి ప్రభుత్వ జనాభా రిజిస్టర్లు గొప్పవని విని వెళ్తారు, కానీ వాటిలో జాతి గానీ మాతృభాష గానీ ఉండవు. పుట్టిన దేశం, తల్లిదండ్రులు పుట్టిన దేశం, అంతే. 'విదేశీ నేపథ్యం' అంటే బయట పుట్టినవాళ్లు, లేదా ఇద్దరు తల్లిదండ్రులూ బయట పుట్టినవాళ్లు. స్వీడన్‌లో పుట్టిన పిల్లకి తల్లి కూడా అక్కడే పుట్టిందా, ఆ పిల్ల 'స్వీడిష్ నేపథ్యం' గడిలోకి పోతుంది. 'ఇండియాలో పుట్టినవారు' అన్న గడిలో ఐటీ ఉద్యోగులతోపాటు పసితనంలో దత్తత వెళ్లి స్వీడిష్ ఇళ్లలో పెరిగినవాళ్లూ ఉంటారు. వయసు, వలస వచ్చిన ఏడాది చూసి వాళ్లని విడదీయకపోతే ఆదాయం పట్టిక అంతా తారుమారే. తెలుగువాళ్లని లెక్కించాలంటే అమెరికా జనగణన శాఖ ఏటా చేసే ఏసీఎస్ సర్వే నయం, ఇంట్లో మాట్లాడే భాష అడుగుతుంది. కులం అక్కడా దొరకదు.

పైగా యూరప్ డేటా చట్టంలో జాతి మూలం ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం. రికార్డింగు మొదలుపెట్టేముందే ఆ సమాచారం ఎలా దాచాలో, ఎవరు చూడొచ్చో గైడుతో ఖాయం చేసుకోవాలి.

సర్వేరాయుడు
చూశారా, మీరిద్దరూ చెప్పిందంతా మెథడ్సే! ఇక ఉద్యోగం. యూజీసీ నెట్‌లో (లెక్చరర్ అర్హత పరీక్ష) సోషియాలజీ ఉంది, విమెన్ స్టడీస్ ఉంది, వలసకి సబ్జెక్టే లేదు. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30 వెయిటేజీ, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది (జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్ వచ్చినవాళ్ల సంగతి వేరు). ప్రకటనలో 'అనుబంధ సబ్జెక్టు' అని ఉన్నా మీ డిగ్రీ అనుబంధమో కాదో తేల్చేది కమిటీ.

గోదారిగట్టు
లెక్చరర్ పోస్టు ఒక్కటే గమ్యమైతే మీ మాటే సరి. ఎన్జీవోలు, కార్మిక సంఘాలు, ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) లాంటి చోట్ల ఆ కమిటీలు ఉండవు. మెథడ్స్ సంగతంటారా, సిలబస్ తెరిచి చూడండి: 120లో మెథడ్స్ 15కి తక్కువైతే ఆ కోర్సుకి అప్లై చేయొద్దు.

సర్వేరాయుడు
15 చాలదు. గుణాత్మకం, సంఖ్యాత్మకం విడివిడిగా ఉండాలి, రెండోదానికి పరీక్ష కూడా ఉండాలి. అలాంటిది కనబడితే లింకు పెట్టండి, చూసి చెప్తా.