కారణం చెప్పకుండా ఆగిపోయిన ఆసరా పింఛను

ప్రశ్న (పరకాల): మా మేనత్తకు ఆసరా పథకం కింద నెలకు 2,016 రూపాయల వితంతు పింఛను వచ్చేది. కొన్ని నెలలుగా అందడం లేదు; అడిగితే, జాబితాలో పేరు లేదని మాత్రమే చెబుతున్నారు. నోటీసేమీ రాలేదు. ఎవరికి, ఏమని రాయాలి?

జవాబు (హనుమకొండ): నోటిమాటగా అడగడం మాని, పింఛను ఐడీ, చివరిసారి డబ్బు తీసుకున్న నెల పేర్కొంటూ ఎంపీడీవో గారికి దరఖాస్తు ఇచ్చి, మీ నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద, పేరు తొలగించిన ఉత్తర్వు, దానికి ఆధారమైన విచారణ నివేదిక ఇవ్వాలని విడిగా కోరండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు. ‘ఎందుకు ఆపారు’ అని అడిగితే దాటవేసే అవకాశం ఉంటుంది కనుక పత్రాన్నే అడగడం మేలు.

జవాబు (వరంగల్): పై సలహా సరైనదే, కానీ అన్ని రోజులు ఖాళీగా ఎదురుచూడనక్కరలేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వండి. నోటీసు ఇవ్వకుండా, ఆమె వాదన వినకుండా పింఛను ఆపడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమని అందులో స్పష్టంగా రాయండి. హైకోర్టు దాకా వెళ్లవలసి వస్తే, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఆగిన నెలల బకాయి కూడా కోరవచ్చా?

జవాబు (హనుమకొండ): తప్పక కోరండి. అయితే కొత్త దరఖాస్తు పెట్టమంటే వెంటనే ఒప్పుకోకండి; పాత మంజూరునే పునరుద్ధరించాలని రాస్తేనే బకాయి అడగడానికి ఆధారం మిగులుతుంది.