లాక్ నెస్ అంత సన్నగా ఉండి అంత లోతెందుకు? చలికాలంలో గడ్డ ఎందుకు కట్టదు?

పటాలపిచ్చి:
స్కాట్లాండ్ మ్యాపులో లాక్ నెస్ (లాక్ అంటే అక్కడ సరస్సు) స్కేలు పెట్టి గీసినట్టుంది. పొడవు 36 కి.మీ., వెడల్పు చాలా చోట్ల కిలోమీటరున్నర, లోతు మాత్రం 230 మీటర్లు. నీటి మట్టమేమో సముద్రానికి 16 మీటర్లే ఎత్తు. అంటే సరస్సు అడుగు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కింద! లోపల ఎక్కడైనా సముద్రంతో కలుస్తుందా? అంత ఉత్తరాన ఉండి గడ్డ ఎందుకు కట్టదు? నైరుతి కొసనున్న ఫోర్ట్ అగస్టస్ నుంచి ఇన్వర్నెస్ వైపు కయాక్‌లో (సన్నటి తెడ్డుపడవలో) వెళ్లేవాళ్లు ఏం చూసుకోవాలి? అందులో ఉందని చెప్పుకునే రాక్షసుడి సంగతి వద్దు, ప్లీజ్.

రాతిపొర:
సొరంగాలేమీ లేవు. ఉంటే నీటి మట్టం ఆ 16 మీటర్ల ఎత్తున నిలిచేది కాదు. ఉప్పదనమూ కనబడేది, కానీ ఇవి మంచినీళ్లు. ఈశాన్య కొసన లాక్ డోఖ్‌ఫోర్ గుండా నెస్ నదిగా పారి ఇన్వర్నెస్ దగ్గర సముద్రంలో కలుస్తాయి.

ఆ తిన్నటి గీత గ్రేట్ గ్లెన్ ఫాల్ట్, అంటే నేల పొరల్లో పొడవాటి పగులు. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట రెండు పక్కల భూభాగాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అడ్డంగా జరిగాయి. ఆ ఒరిపిడికి మధ్య రాయి నుగ్గయింది. మంచుయుగాల్లో హిమానీనదాలు ఆ బలహీనమైన పట్టీనే పట్టుకుని తవ్వాయి, పక్కలనున్న గట్టి రాయి నిలిచిపోయింది. అందుకే సన్నగానూ ఉంది, లోతుగానూ ఉంది. గట్లు నిటారుగా దిగుతాయి, అడుగు మాత్రం బురదతో చదునుగా ఉంటుంది. లాక్ లోఖీ, లాక్ ఓయిక్ కూడా ఇదే గీత మీదివి. మూడింటినీ కలుపుతూ ఇంజినీరు టెల్ఫర్డ్ కట్టిన కాలెడోనియన్ కాలువ 1822లో తెరుచుకుంది. లోతులో మాత్రం లాక్ మోరార్‌దే (310 మీ.) పైచేయి.

చల్లనీరు:
గడ్డకట్టకపోవడానికి కారణం లోతే. మంచినీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు. పైనీరు చల్లబడితే కిందికి దిగిపోతుంది, కిందిది పైకొస్తుంది. అడుగుదాకా మొత్తం నీరు 4 డిగ్రీలకు దిగితే గానీ పైపొర అంతకన్నా చల్లబడి మంచు కట్టదు. ఇక్కడున్నది 7.4 ఘన కి.మీ. నీరు. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నీ కలిపినా ఇంత లేదు. అంత వేడిని లాగేసేలోపే అక్కడి చలికాలం అయిపోతుంది, పైగా గాలి నీళ్లను కలియబెడుతూనే ఉంటుంది.

తెడ్డు:
కయాక్ సంగతి. ఎక్కువగా వీచేది నైరుతి గాలి. లోయ కూడా అదే దిక్కుకు తెరిచి ఉండటంతో గాలి పొడవునా తోసుకుంటూ పోతుంది. ఫోర్ట్ అగస్టస్ దగ్గర నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని బయల్దేరితే అవతలి కొసకు వెళ్లేసరికి మీటరు అలలు ఎదురవ్వొచ్చు. కాబట్టి మొదట్లో కనిపించే నీటిని కాదు, ఆ అవతలి కొసనున్న డోర్స్ ఊరి దగ్గర గాలి ఎంతుందో సూచన చూసి నిర్ణయించుకోండి.

ఆగ్నేయపు గట్టున ఫోర్ట్ అగస్టస్ నుంచి ఫోయర్స్ దాకా ఒడ్డున రోడ్డు లేదు, దిగే చోట్లూ తక్కువే. ఏ82 రోడ్డు ఉన్నది వాయవ్య గట్టున. ఫోయర్స్ దగ్గర పంప్డ్ స్టోరేజ్ జలవిద్యుత్ కేంద్రం (నీళ్లను పైకెక్కించి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసేది) ఉంది, అది నీళ్లు వదిలే చోటికి దూరంగా ఉండండి. సరస్సు దాటి లాక్ డోఖ్‌ఫోర్‌లోకి వచ్చాక ఎడమవైపే ఉండండి, కాలువ అటే. కుడివైపు నీళ్లు ఆనకట్ట మీదుగా నదిలోకి దూకుతాయి.

పటాలపిచ్చి:
ఎండాకాలం బోల్తా పడినా నీళ్లు అంత చల్లగానే ఉంటాయా?

చల్లనీరు:
వేసవిలో పైపొర వెచ్చబడుతుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఆ వెచ్చటి పొర ఈశాన్యానికి పోగవుతుంది, ఫోర్ట్ అగస్టస్ కొసన అడుగు చల్లనీరు పైకి తేలుతుంది. గాలి ఆగాక రెండు పొరల మధ్య హద్దు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క ఊపుకే రెండు రోజులకు పైగా పడుతుంది. పైన చూస్తే ఏమీ తెలియదు. 1900ల తొలినాళ్లలో వేర్వేరు లోతుల్లో థర్మామీటర్లు దించి కొలిస్తేనే ఈ ఊపు బయటపడింది. అందుకని నిన్న వెచ్చగా ఉన్న చోటే ఇవాళ చల్లగా ఉండొచ్చు. ఏ నెలైనా చల్లనీటి నుంచి ఒంటిని కాపాడే వెట్‌సూటో డ్రైసూటో వేసుకోవాల్సిందే.