చెప్పులు విప్పగానే డ్రెస్ కాళ్లకింద పడుతోంది, పొడవు ఎంత పెట్టించాలి?

తణుకు అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది తణుకు, ఉద్యోగం హైదరాబాద్‌లో. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం.

పోయిన మాఘంలో ఒక పెళ్లికి లాంగ్ ఫ్రాక్ కుట్టించుకున్నాను. పెళ్లికి వేసుకునే రెండున్నర అంగుళాల హీల్స్‌తోనే కొలతలకి వెళ్లాను. ట్రయల్ వేసి చూసుకుంటే అంచు సరిగ్గా పాదాల మీద పడింది, చాలా సంతోషపడ్డాను. పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికి మండపం దగ్గర చెప్పులు విప్పాలి కదా. విప్పి రెండో మెట్టు ఎక్కానో లేదో అంచు కాలికింద పడింది, నడుము దగ్గర కుట్టు పర్రున చిరిగింది. చున్నీ అడ్డం పెట్టుకుని భోజనాలయ్యే వరకూ ఒక మూల కూర్చున్నాను. ఒక్క ఫొటోలో కూడా లేను. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇప్పుడు కార్తీకంలో మా పిన్ని కూతురి పెళ్లి. ఫ్రాక్ కుట్టించుకోమని అమ్మ తన మంగళగిరి పట్టు చీర ఇచ్చింది. ముదురు ఆకుపచ్చ, రెండు వైపులా జరీ అంచు. పెళ్లయ్యాక అందరం అలిపిరి నుంచి నడిచి తిరుమల వెళ్తాం, దానికో చుడీదార్ కావాలి. రోజూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లడానికి రెండు కాటన్ కుర్తాలు కూడా.

ఏ డ్రెస్‌కి ఎంత పొడవు చెప్పాలి? అమ్మ చీరకి కత్తెర పడితే మళ్లీ అతకదు కదా, అదే టెన్షన్‌గా ఉంది.

హనుమకొండ టైలరమ్మ

చెల్లెమ్మా, నేను 22 ఏళ్లుగా మిషన్ మీదే ఉన్నాను. నీకు జరిగింది మా షాపుకి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి జరిగింది. మన ఫంక్షన్లలో చెప్పులు విప్పకుండా గడిచేది ఏముంది చెప్పు? మండపం, వ్రతం, గృహప్రవేశం, గుడి. అందుకే నా దగ్గర ఎవరినైనా చెప్పులు విప్పించి, గోడకి ఆనకుండా నిలబెట్టి కొలుస్తాను. వట్టి కాళ్లతో నేలకి ఎంత వస్తే అందులోంచి అంగుళంన్నర తగ్గించు. అదే నీ ఫుల్ లెంగ్త్. హీల్స్ వేసుకున్నప్పుడు అంచు కాస్త పైకి కనిపిస్తుంది, కనిపించనీ. పట్టీలు పెట్టుకునేది కనబడడానికే కదా.

మా దగ్గర బతుకమ్మకి లంగాఓణీలు కుట్టేటప్పుడు ఇంకో అర అంగుళం పైకే పెడతాను. వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. వంగినప్పుడు ముందువైపు అంచు కిందికి దిగుతుంది, నిటారుగా నిలబడి తీసుకున్న కొలత అక్కడ పనికిరాదు.

అలిపిరి సంగతీ అంతే. 3,550 మెట్లు. మీ ఇంట్లో మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టే మొక్కు ఉంటే వంగడం, లేవడం తప్పదు. టాప్ మోకాలికి రెండు మూడు అంగుళాలు కిందికి, అంటే నీ ఎత్తుకి 38, చాలు. ప్యాంటు చీలమండ దగ్గర ఆగాలి, మడమ కిందికి రాకూడదు. దర్శనానికి చున్నీ తప్పనిసరి, రెండు భుజాలకీ పిన్ను పెట్టుకో.

ఆఫీసు కుర్తాలకి 38 నుంచి 40 చెప్పు. రెడీమేడ్‌లో 44, 46 ఉంటాయి. అవి ఎత్తున్న వాళ్లకి అందంగా ఉంటాయి, నీకు పిక్కల కిందికి దిగి ఇంకా పొట్టిగా చూపిస్తాయి. స్కూటీ అన్నావు కాబట్టి పక్క కట్స్ ఉన్నదే కుట్టించుకో. కట్స్ లేని ఎ-లైన్ అయితే కూర్చోగానే మోకాళ్ల పైకి ఎగబాకుతుంది. ఎంత పొడవు పెట్టించినా ఆ ఇబ్బంది పోదు.

కాటన్ గుడ్డని, లైనింగ్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి టైలర్‌కి ఇవ్వు. తడపకుండా కుట్టిన 40 అంగుళాల కుర్తా రెండు ఉతుకులకి అంగుళంన్నర పైకెళ్లడం నేను కళ్లారా చూశాను. అప్పుడు నన్నే తప్పు పట్టారు!

ఇంకొకటి. ఎప్పుడైనా అంబ్రెల్లా కట్ కుట్టించుకుంటే, అంచు మడవక ముందు ఒక రాత్రి హ్యాంగర్‌కి వేలాడదీయమని అడుగు. ఏటవాలుగా కత్తిరించిన చోట గుడ్డ సాగి కిందికి దిగుతుంది. ఆ తర్వాత చుట్టూ సమం చేసి కుడితేనే అంచు ఒక వైపు జారకుండా ఉంటుంది.

గుంటూరు పెద్దమ్మ

టైలరమ్మ చెప్పిన కొలతలన్నీ బాగున్నాయి. కానీ తల్లీ, ఆ చీరని కోయొద్దు. మా అమ్మ చీర నేను అలాగే ఫ్రాక్ చేయించాను మా అమ్మాయికి. రెండు సార్లు వేసుకుంది, ఇప్పుడు అది ఎవరికీ పట్టదు, చీరగానూ మిగల్లేదు.

లంగాగా కుట్టించుకో, కత్తెర లేకుండా. మా చిన్నప్పుడు పట్టు పరికిణీలన్నీ లోపల టక్కు, అంటే ఎక్కువైన గుడ్డని మడిచి కుట్టే మడత, వేసే కుట్టేవాళ్లు. ఏటా సంక్రాంతికి పిల్ల ఎంత పెరిగిందో చూసి అమ్మ కూర్చుని ఆ టక్కు విప్పేది. విప్పిన చోట రంగు కొత్తగా, చుట్టూ కాస్త వెలిసి, గీతలా కనబడేది. నా ఎర్ర పరికిణీకి అలాంటి గీతలు మూడు ఉండేవి, మూడేళ్లు నేను ఎంత పెరిగానో వాటిని బట్టే చెప్పొచ్చు. చీర పన్నా (వెడల్పు) మొత్తం అలాగే ఉంచి, ఎక్కువైనది లోపల టక్కులోకి తీసుకోండి. పెళ్లయ్యాక విప్పితే అమ్మ చీర అమ్మకే ఇవ్వొచ్చు.

తణుకు అమ్మాయి

పెద్దమ్మా, మీ మాట చదివి అమ్మకి ఫోన్ చేశాను. "కోయకుండా అవుతుందా?" అని రెండు సార్లు అడిగింది. ఆ గొంతు వింటే అర్థమైంది, ఇచ్చిందన్న మాటే కానీ కోయించడం తనకీ ఇష్టం లేదు. లంగాఓణీయే ఖాయం చేశాను. ఓణీ విడిగా కొంటాను.

టైలరక్కా, వట్టి కాళ్లతో కొలిచాను. నడుము నుంచి నేలకి 38 వచ్చింది. చీర పన్నా 46. టక్కు ఎంత పట్టాలి? నడుము దగ్గర వేయించాలా?

హనుమకొండ టైలరమ్మ

పెద్దమ్మ చెప్పింది నాకు ముందు తట్టలేదు, మంచి ఆలోచన.

38లో అంగుళంన్నర తీస్తే లంగా పొడవు 36½. పన్నా 46లో నడుము మడతకి ఒక అంగుళం పోతే 45. మిగిలేది 8½. టక్కు రెండు పొరలు కాబట్టి దాని లోతు అందులో సగం, నాలుగుంపావు.

నడుము దగ్గర వద్దు. అయిదున్నర మీటర్ల కుచ్చిళ్లు ఉన్న చోటే ఆ మడత కూడా వస్తే పొట్ట దగ్గర ఎత్తుగా లేస్తుంది, ఫొటోల్లో బాగుండదు. కింది జరీ అంచుకి సరిగ్గా పైన, లోపలి వైపుకి వేయించు. కుట్టు గీత అంచు పక్కన కలిసిపోతుంది. పైగా ఆ మడత బరువుకి లంగా గాలికి ఎగరకుండా నిండుగా నిలబడుతుంది.

టక్కు మిషన్ మీద వద్దు, చేతికుట్టే. సన్న సూది, అదే రంగు పట్టు దారం, కుట్టుకీ కుట్టుకీ అర అంగుళం ఎడం. మిషన్ కుట్టు విప్పితే పట్టు మీద చిల్లులు వరసగా మిగిలిపోతాయి. కొంగు భాగం వెనక్కి వచ్చేలా కుచ్చిళ్లు మొదలుపెట్టమను. లైనింగ్‌ని చీరకి కలిపి కుట్టనివ్వకు, విడిగా లోపలి లంగాలా కుట్టించుకో, పైదానికన్నా ఒక అంగుళం పొట్టిగా.

ట్రయల్‌కి వెళ్లినప్పుడు చెప్పులు విప్పి, టైలర్ షాపు మెట్లు ఒకసారి ఎక్కి దిగి చూడు. కాలికి తగిలితే చేతికుట్టే కాబట్టి అక్కడికక్కడే పావు అంగుళం లోపలికి తీసుకోవచ్చు.