ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ గోపురం గురించి తెలిసినవారు ఉన్నారా?

అందరికీ నమస్కారం. 1916 వేసవిలో అమెరికాలోని మసాచుసెట్స్ తీరాన, రేవుకట్ట మీది పాత చేపల కొట్టులో రచయిత యూజీన్ ఓనీల్ నాటకాన్ని మొట్టమొదటిసారి ఆడిన బృందమే ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్. పలకల సందుల్లోంచి కింద సముద్రం చప్పుడు వినిపించేదట! నన్ను పట్టుకుని వదలనిది మాత్రం వాళ్ల గోపురం, అంటే రంగస్థలం వెనుక ఆకాశంలా కనిపించే వంపు గోడ. 1920లో న్యూయార్క్ మెక్‌డూగల్ వీధిలోని ఇరుకు రంగస్థలం వెనుక బృందం నాయకుడు జార్జ్ క్రామ్ కుక్ గచ్చుతో కట్టినది. ఓనీల్ నాటకం ‘ఎంపరర్ జోన్స్’లో దాని మీద పడిన వెలుగే అంతులేని ఆకాశమైంది.

మా నాటకానికి అలాంటిదే చిన్నగా చేస్తున్నాం. కట్టిన తెల్లగుడ్డ ముడతలు పడుతోంది, దీపం వేయగానే ప్రతి ముడతా కనిపిస్తోంది. వంపు ఎంత ఉండాలి? దీపాలు ఎక్కడ పెట్టాలి? ఆ గోపురం కొలతలు, ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి? రంగాలంకరణ తెలిసినవారు దయచేసి చెప్పండి.