జపాన్ తోటలో మాచా: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లొచ్చా?

మారతహళ్ళి అమ్మాయి:
ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి టోక్యో వెళ్తున్నాం. హమారిక్యూ తోటలో చెరువు మధ్యనున్న టీ ఇంట్లో మాచా, అంటే గ్రీన్ టీ ఆకుల పొడిని నీళ్లలో చిలికి చేసే టీ, తాగాలని ఉంది. అత్తయ్య కింద కూర్చోలేరు, గుడ్డు తినరు. తెలిసినవాళ్లు చెప్పండి.

తోటల పిచ్చి:
అది నకజిమా నో ఓచాయ. మొదట 1707లో కట్టారు, ఇప్పుడున్నది 1983లో మళ్లీ కట్టింది. చెరువులోకి సముద్రపు నీళ్లొస్తాయి కాబట్టి ఆటుపోట్లను బట్టి మట్టం మారుతుంది. అక్కడిచ్చేది ఒక గిన్నె మాచా, ఒక మిఠాయి, అంతే. జపాన్ వాళ్లు పద్ధతిగా టీ చేసిచ్చే పూర్తి తంతు చూడాలంటే వేరే చోట ముందే బుక్ చెయ్యాలి. అప్పుడు "ర్యూరేయ్" ఉందా అని అడగండి. బల్ల, స్టూలు మీద కూర్చుని చేసే పద్ధతి అది. 1872 క్యోటో ప్రదర్శనకొచ్చే విదేశీయుల కోసం ఉరాసెంకె అనే టీ సంప్రదాయం వాళ్లు మొదలుపెట్టారు. అత్తయ్యగారికి అదే మేలు.

మిఠాయిలు ఎక్కువగా చిక్కుడుగింజల ముద్ద, చక్కెర, బియ్యప్పిండితోనే చేస్తారు. కస్తెరా అనే కేకులో మాత్రం గుడ్డుంటుంది, అడిగి తీసుకోండి.

జయనగర్ టీ:
మిఠాయి ముందే తినేయాలి, టీతో పాటు కొరుక్కుంటూ కాదు. నోట్లో తీపి ఉంటేనే ఆ చేదు ఇంపుగా ఉంటుంది. ఉంగరాలు, వాచీ తీసేయండి, గిన్నెకు గీతలు పడతాయి. సెంటు వద్దు. సాక్సులు తప్పనిసరి, చాప అంచు తొక్కకండి.

గిన్నెను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేత్తో గడియారం ముల్లు తిరిగే వైపు రెండుసార్లు కొంచెం కొంచెంగా తిప్పాలి. గిన్నె అందమైన వైపును మీకు ఎదురుగా పెట్టి ఇస్తారు. అక్కడ పెదవి ఆనించకూడదనే ఇది. చివరి గుక్క చప్పుడు చేస్తూ పీల్చేయండి, అది మర్యాదే. పెదవి తగిలిన చోటు వేళ్లతో తుడిచి, గిన్నెను వెనక్కి తిప్పి పెట్టండి.

మారతహళ్ళి అమ్మాయి:
థాంక్స్ అండీ! ఇంట్లో చేసి చూశాను. నురగ రాలేదు, పొడి ఉండలు కట్టింది.

జయనగర్ టీ:
జల్లించలేదేమో. చదునుగా ఒక టీస్పూను, అంటే 2 గ్రాముల పొడి జల్లెడ పట్టి, 70 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పదనం రుచిని చంపేస్తుంది. మన ఊళ్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కావాల్సింది 80. కాఫీ తిరగబోసినట్టు రెండు గ్లాసుల్లోకి మార్చి పోస్తే దాదాపు అక్కడికొస్తుంది. వెదురు చిలుకుకర్రను ముందు నిమిషంపాటు వేడినీళ్లలో ఉంచాలి, లేకపోతే పుల్లలు విరుగుతాయి. గిన్నె అడుగును రుద్దకుండా, మణికట్టుతో వేగంగా ముందుకీ వెనక్కీ ఆడించండి. కడిగాక డబ్బాలో పెట్టి మూయకండి, వానాకాలంలో బూజు పడుతుంది.